హీటర్ ఆపేసిన సాయంత్రం

మధ్యాహ్నం మూడింటికే వ్యాన్ వచ్చింది.
నల్లగుడ్డ కప్పుకున్న హార్ప్
జ్వరంతో ఉన్న పొడుగాటి మనిషిలా
ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే మెట్లెక్కింది.
ఈ ప్రార్థనామందిరం తాళంచెవులు
ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి.
తలుపు రెండో రెక్క కిందటిసారి తెరిచింది
ఎమ్రిస్ తమ్ముడి శవపేటిక కోసం.
ఇవాళ దీనికోసం.

నెరిస్ ప్రోతెరో, హార్ప్. వైదోతస్, వయొలిన్.
కాగితం నిండా వాళ్ల బహుమతులు:
ఊరు, ఏడాది, ఊరు, ఏడాది,
రైళ్ల టైంటేబుల్ చదివినట్టుంది.
ఆమె నన్నడిగింది మాత్రం ఒక్కటే.
"ఆ హీటర్ ఆపుతారా? వేడికి తీగలు దిగిపోతాయి."
నవంబరు నెల. వేల్స్ ఉత్తరాన, పలకరాతి కొండ కింద.
ఇక్కడ వానను వాన అనం, బయట అంటాం.
ఆపేశాను.
పైపులు రెండుసార్లు దగ్గి ఊరుకున్నాయి.

శ్రుతి చేసుకోవడానికే గంటన్నర.
నలభై ఏడు తీగలు. మెడలో వేలాడే
చిన్న తాళంచెవితో ఒక్కొక్కటీ తిప్పి,
చెవి ఆనించి, మళ్లీ తిప్పి,
తలుపులన్నీ మూసున్న వీధిలో
ఎవరైనా ఉన్నారా అని ఇంటింటా అడిగినట్టు.
బెంచీలు తుడుస్తూ విన్నాను.
నిజం చెప్పొద్దూ,
కచేరీ కన్నా నాకు అదే నచ్చింది.

ఏడింటికి అరవై మందిమి. ఎవరూ కోటు విప్పలేదు.
మా ఊపిరి మాకే తెల్లగా కనపడుతోంది.
వయొలిన్ సన్నగా పైనెక్కడో మొదలైంది,
పలక మీద ఈకతో రాసినట్టు.
హార్ప్ దాని కిందికి నీళ్లు వదిలింది.
రెండో ముక్క సగంలో
ఠప్పుమని తెగింది తీగ.

మీకు తెలీదు,
ఈ ఊళ్లో ఆ చప్పుడుకి అర్థం వేరు.
క్వారీ మూసి ఎన్నేళ్లయిందో,
ముందువరసలో ఎమ్రిస్ తల వంచేశాడు.
పక్కనున్న మనవరాలి తలనీ
అరచేత్తో కిందికి నొక్కేశాడు,
రాళ్లు పడతాయని.

ఏమీ పడలేదు.
వైదోతస్ కమాను ఎత్తలేదు.
ఉన్న స్వరం మీదే ఉండిపోయాడు,
జారుడుమెట్టు మీద వెనకవాళ్ల కోసం ఆగినట్టు.
ఆమె సంచీలో వెతికి కొత్త తీగ తీసి,
ముడి వేసి, పళ్ల మధ్య కొస పట్టుకుని ఎక్కిస్తుంటే
ఆ ఒక్క స్వరంలోంచి అతను
కాగితంలో లేని పాటొకటి లాగాడు.
చిన్నది. వాళ్లమ్మ గిన్నెలు కడుగుతూ పాడేదేమో.
ఎమ్రిస్ చెయ్యి పాప జుట్టు మీంచి తియ్యలేదు.
నొక్కడం మాత్రం మానేశాడు.

కొత్త తీగ కుదురుగా ఉండదు.
తక్కినదంతా వాయిస్తూ, సందు దొరికినప్పుడల్లా
ఆమె చెయ్యి చాచి దానికొక మెలిక తిప్పింది.
పసివాడి ముక్కు తుడుస్తూ
మాట్లాడుతూనే ఉండే తల్లిలా.

అందరూ వెళ్లాక ఊడుస్తుంటే బెంచీ కింద దొరికింది,
ఎర్రగా, చుట్టలు చుట్టుకుని.
టోపీ మరిచిపోయి ఎమ్రిస్ వెనక్కొచ్చాడు.
"దేనితో చేస్తారు ఇది?"
"పేగుతోనట."
తొడకు తాడు చుట్టుకుని
ముప్ఫై ఏళ్లు కొండకు వేలాడిన మనిషి
రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర లాగి చూశాడు.
"తెగబోయే ముందు తాడు చెబుతుంది.
ఇదీ చెప్పే ఉంటుంది.
పాటలో పడి మనమే వినిపించుకోలేదు."
తీగ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు,
టోపీ మళ్లీ ఇక్కడే వదిలేసి.

హీటర్ వేశాను.
పైపుల్లో ఒకటి కొట్టుకోవడం మొదలెట్టింది.
ఇన్నేళ్లూ అది చప్పుడనుకున్నాను.
తాళంచెవి చేత్తో పట్టుకుని
కాసేపు అక్కడే నిలబడ్డాను.